ధాన్యపు మిల్లు – బొగ్గుపులుసు పద్దు

ద్రాక్షారామ భీమేశ్వరాలయమునకు పోవువారు స్వామిని దర్శించి, రెండంతస్తుల గర్భాలయమునకు ప్రదక్షిణము చేసి, మంటపమున కొంతసేపు కూర్చుండి మఱలి వత్తురు. అచటి గోడలమీదను స్తంభములమీదను ఉన్న శాసనములను నిలిచి చదువువారు తక్కువ. వానిలో పెక్కు అఖండదీపములకు సంబంధించినవి. స్వామికి ఒక దీపము నిచ్చితినని మాత్రము చెక్కించి దాత ఊరకుండలేదు. దీపము నిత్యము వెలుగవలెనన్న నేయి కావలెను. నేతికి పాలు, పాలకు మంద కావలెను. కనుక ఇన్ని గొఱ్ఱెలను, లేదా ఇన్ని ఆవులను ఇచ్చితినని లెక్కతోసహా వ్రాయించినాడు. దీపము గర్భాలయమున వెలుగుచుండెను; దాని మూలధనము ఊరిబయటి బీడులో మేయుచుండెను. దీపపు ఖర్చు వత్తివద్ద కాక మందవద్ద లెక్కింపవలెనని ఆ కాలపువారు ఎఱుగుదురు.

నేడు వాణిజ్యలోకమున ఒక క్రొత్త లెక్క బయలుదేరినది. ఒక కంపెనీ ఒక సంవత్సరకాలములో తన పనివలన ఎంత బొగ్గుపులుసు వాయువును, అటువంటి ఇతర వాయువులను ఆకాశములోనికి విడుచుచున్నదో కొలిచి వ్రాయు లెక్క అది. దీనిని కర్బన పాదముద్ర అని పత్రికలవారు వ్యవహరించుచున్నారు. బురదలో నడచినవాని అడుగు గట్టుమీద కనబడునట్లు, ఒక పరిశ్రమ నడచిన జాడ గాలిలో మిగులునని ఆ మాటకు అర్థము. ఈ వాయువులు సూర్యుని వేడిని భూమినుండి సులభముగా పోనీయవు. అవి పెరిగినకొలది భూమి వేడెక్కుచున్నదనుటలో ఇప్పుడు శాస్త్రజ్ఞులకు సందేహము లేదు. ఆ వేడివలన సముద్రమట్టము పెరుగుట, అకాలవర్షములు విరుచుకుపడుట మున్నగు ఫలితములు డెల్టా నివాసులమగు మనకు దూరపు వార్తలు కావు.

కంపెనీ యనగానే మన కనులకు విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారమో, రాజమహేంద్రవరపు కాగితపు మిల్లో కనబడును. ద్రాక్షారామము చుట్టుపట్ల అంతటి పరిశ్రమలు లేవు. ఇచ్చట పరిశ్రమ యన్న ధాన్యపు మిల్లే. రామచంద్రపురము, మండపేట ప్రాంతములలో వాని పొగగొట్టములు కొబ్బరిచెట్లతో పోటీపడి కనబడును. ఆ మిల్లులలో ఒకదాని పద్దును కూర్చు పనిలో మేము కొంత పాలుపంచుకొంటిమి. అందు తెలిసికొన్న సంగతులను శ్రోతలకు చెప్పుటయే ఈ ప్రసంగపు ఉద్దేశము. మిల్లు పేరుతో మనకు పని లేదు. అంకెలను కూడ గుండ్రముగా సరిచేసి, ఒక ఊహామిల్లు లెక్కగా చెప్పుదుము. లెక్క పోకడ బోధపడిన చాలును.

సంగతి యిట్లు మొదలైనది. బియ్యము కొను ఒక పెద్ద వర్తకసంస్థనుండి మిల్లుకు ఒక పత్రము వచ్చినది. కిలో బియ్యమునకు ఎంత బొగ్గుపులుసు వాయువు పుట్టుచున్నదో వ్రాసి పంపుడని అందు కోరిరి. మన దేశమున షేర్ల విపణిలో నమోదైన కంపెనీలలో పెద్దవి వేయింటికి ఇట్టి వివరములను ప్రకటించు విధిని సెబీ 2022–23 సంవత్సరమునుండి ఏర్పరచినది. పల్లెటూరి మిల్లుకు ఆ నియమము వర్తింపదు. కాని పెద్దవాడు తన లెక్క వ్రాయవలెనన్న తనకు సరకిచ్చు చిన్నవానిని అడుగక తప్పదు. ఆ విధముగా ముంబయిలో పుట్టిన ప్రశ్న ద్రాక్షారామము దారిలోని మిల్లు గుమాస్తా బల్లమీద వాలినది.

ఆ గుమాస్తా లెక్కలలో ఆరితేరినవాడు. అడిగినంతలో కరెంటు బిల్లులను, లారీలకు డీసెలు పోయించిన చీటీలను ఒక సంచిలో తెచ్చి మాముందు కుమ్మరించినాడు. “ఇవేనండి మనం కాల్చేవి. ఊక మన సొంతం, దానికి బిల్లుండదండి,” అనినాడు. మంచి ఆరంభమే.

కంపెనీల లెక్కకు 2001లో ప్రపంచ వనరుల సంస్థయు, వర్తకుల అంతర్జాతీయ మండలి యొకటియు కలిసి ఒక పద్ధతిని ప్రకటించినవి. నేడు దేశదేశములలో వాడుకలో నున్నది అదియే. దాని ప్రకారము మూడు పద్దులు ఉండును. తన ప్రాకారములోపల, తన బండ్లలో తానే కాల్చినది మొదటి పద్దు. తాను కొన్న విద్యుత్తు కొఱకు ఎక్కడనో విద్యుత్కేంద్రములో కాల్చబడినది రెండవ పద్దు. తాను కొన్న ముడిసరకు పుట్టుటకు ముందు జరిగినదియు, తాను అమ్మిన సరకు గడప దాటిన పిమ్మట జరుగునదియు మూడవ పద్దు. మొదటి రెండును వ్రాయుట సులభము. మూడవదానిని కంపెనీలు చాలవరకు తమ ఇష్టానుసారము వ్రాయుచున్నవి, లేదా వ్రాయకయే విడుచుచున్నవి. అసలు చిక్కంతయు ఇచటనే ఉన్నది.

మన ఊహామిల్లు సంవత్సరమునకు 10,000 టన్నుల ధాన్యము ఆడించుననుకొందము. టన్నుకు 40 యూనిట్ల చొప్పున 4 లక్షల యూనిట్ల విద్యుత్తు కావలెను. మన దేశపు విద్యుత్తులో అధికభాగము బొగ్గునుండి వచ్చుచున్నది కావున యూనిటుకు సుమారు 700 గ్రాముల బొగ్గుపులుసు వాయువు పుట్టుచున్నది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఈ గణాంకమును సంవత్సరమునకు ఒకమారు ప్రకటించును. ఈ లెక్కన విద్యుత్తుకు 280 టన్నులు. లారీలకు 20,000 లీటర్ల డీసెలు పట్టినదనుకొన్నచో, లీటరుకు 2.7 కిలోల చొప్పున 54 టన్నులు. వెరసి 334 టన్నులు. నూరు బస్తాల ధాన్యమునకు అరువదియేడు బస్తాల యెత్తు బియ్యము దిగును కనుక మిల్లులో తయారగు బియ్యము 6,700 టన్నులు. పంచి చూడగా కిలో బియ్యమునకు 50 గ్రాములు మాత్రమే. గుమాస్తా ముఖము వికసించినది. పత్రము పూరించి పంపుదమని యజమానియు కలము తీసినాడు.

ఇచట ఊక మాట చెప్పవలెను. ధాన్యపు బరువులో ఇంచుమించు ఐదవవంతు ఊక. మన మిల్లులో 2,000 టన్నులు దిగును. ఉప్పుడు బియ్యమునకు ధాన్యము నుడికించు బాయిలరు క్రింద కాలునది ఇదియే. ఇటుక బట్టీలకు పోవునదియు ఇదియే. కాలునప్పుడు దానినుండియు బొగ్గుపులుసు వాయువు వచ్చును. అయినను దానిని మొత్తములో కలుపరు, ప్రక్కన వేఱుగా వ్రాయుదురు. కారణమేమనగా, ఆ ఊకలోని కర్బనము కొన్ని నెలలక్రిందట వరిమొక్క గాలినుండి గ్రహించినదే. తీసికొన్నది తిరిగి యిచ్చినది. భూగర్భమున కోట్ల యేండ్లుగా పడియున్న బొగ్గును త్రవ్వి కాల్చుట అట్టిది కాదు. ఈ న్యాయము సరియైనదే గాని, ఇది విని ఊక మిల్లులు కేవలము నిర్దోషములని తలపరాదు. సరిగా గాలి తగులక మసిగా కాలిన ఊకనుండి ఇతర వాయువులు వచ్చును. ఇక మిల్లు ప్రక్క ఇండ్లలోని ఇల్లాండ్రు ఆరవేసిన బట్టలమీద వ్రాలు నల్లని బూడిదకు ఈ పద్దులలో దేనియందును చోటు లేదు. ఆ లోపమును మేము యజమానితో చెప్పితిమి. ఆయన నవ్వి ఊరకున్నాడు.

కలము కాగితముమీద పెట్టకముందే మూడవ పద్దు తెఱువుమని మేము పట్టుపట్టితిమి. మిల్లు కొనునది ధాన్యము. ధాన్యము పండునది నీటిలో. నీరు నిలిచిన చేలో బురదకు గాలి తగులదు. గాలి లేనిచోట బ్రతుకు సూక్ష్మజీవులు ఆ బురదలోని మోళ్లను, వేళ్లను, గడ్డిని కుళ్లింపజేసి మీథేను అను వాయువును పుట్టించును. నాట్లవేళ బురద త్రొక్కినపుడు బుడగలు లేచుట ఎవరెఱుగరు? బుడగలుగా వచ్చునది కొంతయే. అధికభాగము వరిమొక్క కాండములోని గాలిగొట్టములగుండ నిశ్శబ్దముగా పైకి పోవును. కోనసీమవారికి మీథేను అపరిచితము కాదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి పేలి రెండునెలలకు పైగా మండినపుడు ఆ మంటలో కాలిన సహజవాయువులో ముఖ్యభాగము మీథేనే. ఆ మంటను మైళ్ల దూరమునుండి చూచినారము. చేలనుండి వచ్చునది కంటికి కనబడదు, ముక్కుకు తెలియదు.

నూరేండ్ల లెక్కలో ఒక టన్ను మీథేను 28 టన్నుల బొగ్గుపులుసు వాయువుతో సమానమని పరిగణింతురు. ఇరువదియేండ్ల లెక్కలో చూచినచో అది 80 టన్నులవరకు పోవును. మీథేను గాలిలో ఎక్కువకాలము నిలువదు గాని, ఉన్నన్నాళ్లు దాని వేడిమి తీవ్రమైనది. మన మిల్లుకు కావలసిన 10,000 టన్నుల ధాన్యము, ఎకరమునకు రెండున్నర టన్నుల చొప్పున, 4,000 ఎకరముల పంట. అనగా 1,600 హెక్టార్లు. హెక్టారుకు పంటకు 100 కిలోల మీథేను అనుకొన్నచో 160 టన్నులు. 28 చేత గుణింపగా 4,480 టన్నులు. ప్రాకారములోపలి లెక్క 334. బయటి లెక్క దానికి పదుమూడురెట్లు. కిలో బియ్యమునకు 50 గ్రాములని వ్రాయబోయినది 720 గ్రాములైనది. యూరియా తయారగుటకు పట్టిన వాయువును, ఆ యూరియా చేలో పడిన పిమ్మట వెలువడు నైట్రస్ ఆక్సైడును ఇంకను చేర్చలేదు.

గుమాస్తా సంచి మూసినాడు. యజమాని మాత్రము ఒక మాట అనెను: “రైతు చేలో పుట్టింది నా ఖాతాలో రాయడం ఏం న్యాయమండి?” ఆ ప్రశ్నను కేవలము తప్పించుకొనుటకు అడిగినదిగా మేము భావింపలేదు. అందు కొంత నిజము లేకపోలేదు. కాని ధాన్యము లేనిదే మిల్లు లేదు గదా! నేయి లేనిదే దీపము లేనట్లు.

శ్రోతలు మాకంటె ముందే ఇంకొక ప్రశ్న వేసియుందురు. హెక్టారుకు 100 కిలోలని మీకెవరు చెప్పిరి? మేము వేసికొన్నది మధ్యరకపు అంకె. దాని వెనుక ఒక కథ యున్నది, అది వినదగినది.

1990 ప్రాంతమున అమెరికా పర్యావరణశాఖ వేసిన అంచనాప్రకారము భారతదేశపు వరిచేలు సంవత్సరమునకు 3 కోట్ల 70 లక్షల టన్నులకు పైగా మీథేనును విడుచుచున్నవి. అన్యదేశములలో కొలిచిన కొలది కొలతలను మన వరి విస్తీర్ణముతో గుణించి సాధించిన సంఖ్య అది. ప్రపంచపు వేడికి ఆసియా వరిరైతు పెద్ద నేరస్థుడన్నట్లు చర్చలు సాగెను. 1991లో ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలకు చెందిన డాక్టరు ఆశేష్ ప్రసాద్ మిత్ర నాయకత్వమున మన శాస్త్రజ్ఞులు దేశములోని పలుప్రాంతముల చేలలోనికి దిగి కొలిచిరి. కొలుచు పద్ధతి చెప్పుటకు సులభమే: మొక్కలమీద పారదర్శకమైన పెట్టెను బోర్లించి, కొంతసేపు ఆగి, లోపలి గాలిని పిచికారితో తీసి ప్రయోగశాలలో పరీక్షింతురు. మండుటెండలో మోకాలిలోతు బురదలో నిలిచి గంట గంటకు ఆ పని చేయుట మాత్రము సులభము కాదు. తేలిన సంఖ్య సుమారు 40 లక్షల టన్నులు. మొదటి అంచనాలో తొమ్మిదవవంతు!

అదే సంవత్సరమున ఢిల్లీనుండి అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ అను నిరువురు ఒక చిన్న పుస్తకము ప్రకటించిరి. ప్రపంచ వనరుల సంస్థవారి లెక్కలను అందు వారు తీవ్రముగా విమర్శించిరి. తిండికొఱకు వరి పండించువాని వాయువును, విలాసముకొఱకు కారు నడుపువాని వాయువును ఒకే త్రాసున తూచుట తగునాయని వారి ప్రశ్న. ఆ సంస్థయే పదియేండ్ల తరువాత కంపెనీల లెక్కపద్ధతిని రూపొందించుటలో పాల్గొన్నదని మీకు ముందే చెప్పితిమి. నాటి ప్రశ్నకు నేటికిని పూర్తి సమాధానము వచ్చినదని మేము చెప్పజాలము.

మన దేశపు కొలతలనుండి తరువాత తేలిన సగటులు ఇవి. పంటకాలమంతయు నీరు నిలిచిన చేలో హెక్టారుకు 160 కిలోల వరకు మీథేను. నడుమ ఒకమారు ఆరిన చేలో 66. పెక్కుమార్లు ఆరిన చేలో 20 లోపు. ఈ భేదమే మన విషయమునకు ప్రాణము. ఒకే ఊరిలో, ఒకే వంగడము వేసినను, గట్టుకు ఈవల నున్న చేనికిని ఆవల నున్న చేనికిని ఎనిమిదిరెట్లు తేడా రావచ్చును. అన్ని చేలకును ఒకే అంకె వేసిన మిల్లు నీరు పొదుపుచేసిన రైతు కష్టమును చెరిపివేసినట్లే అగును.

గోదావరి డెల్టా సంగతి చూడుడు. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైననాటినుండి సుమారు 10 లక్షల ఎకరముల డెల్టాలో నీరే జీవనము. గౌతమీ వసిష్ఠల నడుమనున్న కోనసీమ మధ్యడెల్టా. ద్రాక్షారామమును 2022లో కోనసీమ జిల్లాలో చేర్చినను, అది గౌతమికి ఆవలి యొడ్డున తూర్పుడెల్టాలోనిది. సార్వాలో వానలు, వరద, కాలువ నీరు మూడును ఏకమగును. చేను ఆరగట్టుదమన్నను ఆరదు. దాళ్వాలో నది తగ్గును. నీటికొరత సంవత్సరములలో కాలువలకు వంతులవారీగా నీరు వదలుదురు. లస్కరు వచ్చి తూము దించిననాటినుండి మరల ఎత్తువరకు శివారు రైతు చేను తనంతట తానే ఆరును, నెఱ్ఱెలు తీయును. అతడు కావలెనని చేసినది కాదు; కాని అతని చేలో మీథేను తగ్గినమాట సత్యము. ఆ తగ్గుదల ఏ పత్రములోను నమోదు కాలేదు.

వంగడముల వలనను తేడా వచ్చును. మార్టేరు పరిశోధనాస్థానము 1982లో విడుదలచేసిన స్వర్ణ సుమారు 150 రోజుల పంట. అదే స్థానమునుండి వచ్చిన కాటన్‌దొర సన్నాలు 120 రోజులలో చేతికి వచ్చును. నీటిలో నిలుచు దినములు తగ్గినకొలది వాయువును తగ్గును. గడ్డి సంగతి ఇంకొకటి. పూర్వము కోసిన గడ్డిని వామి వేసి పశువులకు మేపెడివారు. యంత్రముతో కోయించు రోజులు వచ్చిన పిమ్మట పలుచోట్ల గడ్డి చేలోనే మిగులుచున్నది. దాళ్వాకు తొందరపడి ఆ పచ్చిగడ్డిని దమ్ములో కలిపి వెంటనే నీరు పెట్టిన చేలో మీథేను మిక్కిలి పెరుగును. నెలరోజుల ముందు కలియదున్నిననో, ఎరువుగా మాగిన పిదప వేసిననో అంత రాదు. ఈ సంగతులను వ్రాయుటకు మిల్లు కొనుగోలు పుస్తకములో గళ్లు లేవు. అందున్నవి రైతు పేరు, బస్తాలు, తేమ, ధర. ఇంకొక నాలుగు గళ్లు గీయుమని గుమాస్తాకు చెప్పితిమి: వంగడము, సార్వాయా దాళ్వాయా, చేను ఎన్నిమార్లు ఆరినది, గడ్డి ఏమి చేసినారు.

ఇక తగ్గించు మాట. ప్రాకారములోపల చేయదగినవి తెలిసినవే. ఆవిరి గొట్టములకు తొడుగులు వేయుట, ఆవిరి చల్లారిన వేడినీటిని మరల బాయిలరుకు త్రిప్పుట, పాతబడి వేడెక్కు మోటార్లను మార్చుట, గోదాముల పైకప్పుమీద సూర్యఫలకములు పరచుట. 100 కిలోవాట్ల ఫలకములు సంవత్సరమునకు సుమారు 1 లక్ష 40 వేల యూనిట్ల నిచ్చును. 100 టన్నుల వాయువు తగ్గును. కరెంటు బిల్లు తగ్గును కనుక ఇది యజమానికి ఎవరును బోధింపనక్కరలేదు. లెక్కలో ఒక మెలకువ మాత్రము కావలెను. తుపాను వచ్చి ధాన్యము తక్కువ వచ్చిన సంవత్సరమున మిల్లు తక్కువ ఆడి, మొత్తము వాయువు తానే తగ్గును. దానిని చూపి మేము తగ్గించితిమని చాటుకొన్న కంపెనీలను పత్రికలలో చూచుచున్నాము. టన్ను బియ్యమునకు ఎంతయని చూచినపుడే నిజము తెలియును. మొత్తమెంతయని చూచినపుడే ఆకాశమునకు తెలియును. రెండును వ్రాయవలెను.

బయటి లెక్కలో తగ్గించుటకు ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధనాసంస్థవారు ప్రచారముచేసిన ఆరుతడి పద్ధతి కలదు. చేలో ఒక చిల్లుల గొట్టమును పాతుదురు. గొట్టములో నీరు నేలమట్టమునకు 15 సెంటీమీటర్ల లోతుకు దిగువరకు మరల నీరు పెట్టరు. ఈనికదశలో మాత్రము నీరు ఆరనీయరాదు. ఈ విధముగా చేసిన మీథేను మూడవవంతునుండి సగమువరకు తగ్గుచున్నదని పలుదేశముల కొలతలు చెప్పుచున్నవి. నేల ఆరుట తడియుట వలన నైట్రస్ ఆక్సైడు కొంత పెరుగును. ఒక టన్నుకు 273 టన్నుల బలముగల వాయువు అది. కనుక ఆరుతడి పెట్టు చేలో యూరియాను విచ్చలవిడిగా చల్లరాదు. జాగ్రత్తపడినచో మొత్తముమీద లాభమే. 2003 ఖరీఫులో మన వ్యవసాయ విశ్వవిద్యాలయము ప్రచారములోనికి తెచ్చిన శ్రీ పద్ధతిలోను ఈ సూత్రమే యున్నది. కలుపు తీయు శ్రమకు, కూలీల కొరతకు తాళలేక పెక్కురైతులు దానిని విడిచిరి. విత్తనము వెదజల్లు పద్ధతి మాత్రము మెల్లమెల్లగా పాతుకొన్నది.

మన మిల్లు తాను కొను 4,000 ఎకరములలో వేయి ఎకరములందు దాళ్వాలో ఆరుతడి జరిపించి మూడవవంతు మీథేను తగ్గించగలిగినదనుకొందము. లెక్క వేయగా 370 టన్నులు పైచిలుకు. ప్రాకారములోపలి లారీలు, కరెంటు అంతయు కలిసి 334 టన్నులే గదా! మిల్లంతటిని మూసివేసినను రాని తగ్గుదల వేయి ఎకరములలో గొట్టములు పాతిన వచ్చుచున్నది. ఈ అంకెను విన్నపుడు యజమాని చాలసేపు మాటాడలేదు.

అంత సులభముగా వచ్చునదియైన ఇంతకుముందే రాకపోవునా? మేము చేలగట్లమీదికి పోయి అడుగగా నలుబదియేండ్ల కౌలుదారు ఒకడు చెప్పిన మాటలు ఇవి: “బోదెలో నీళ్లు పైచేను నుంచి నా చేలోకి, నా చేలోంచి కిందోడి చేలోకి పోతాయండి. నేను ఆరబెడతానంటే కిందోడు ఊరుకుంటాడాండి? వంతు పోయాక మళ్లీ నీళ్లు వస్తాయని ఎవరు రాసిస్తారండి? గింజ తాలు పోతే కౌలు నేనే కట్టాలి కదండి.” ఇందులో త్రోసివేయదగినది ఒక్కటియు లేదు. ఆరుతడి ఒక రైతు తన గట్టులోపల చేయగల పని కాదు. బోదె క్రింది రైతులందరును కలిసి, నీటిసంఘము ఒప్పి, కాలువ అధికారులు చెప్పిన దినమున నీరు వదలిననే అగును. నీటిసంఘములకు 1997 నాటి చట్టము ఉండనే యున్నది.

మురుగు సంగతి మరింత కఠినమైనది. 2011 ఖరీఫులో కోనసీమ రైతులు ఇంచుమించు లక్ష ఎకరములలో పంటవిరామము ప్రకటించిన సంగతి శ్రోతలు మరచియుండరు. ధర గిట్టకపోవుట, కూలి పెరుగుట, పండిన ధాన్యము అమ్ముడుపోకుండుటతో పాటు మురుగుకాలువలు పూడి చేలు మునుగుట కూడ వారి ఫిర్యాదులలో ఒకటి. దానిపై ప్రభుత్వము మోహన్ కందా అధ్యక్షతన సంఘమును నియమించెను. మురుగు పోవు దారి లేనిచోట చేను ఆరబెట్టుమని చెప్పుట పరిహాసమగును. పూడిన మురుగుకాలువను త్రవ్వించుట రైతుకు మేలు, మీథేను లెక్కకును మేలు. కంపెనీలు తమ పాదముద్ర తగ్గించుకొనుటకు దూరదేశములలో చెట్లు నాటించితిమని ధ్రువపత్రములు కొనుచున్న ఈ దినములలో, ఒక మురుగుకాలువ పూడికకు ధనమిచ్చిన కంపెనీ పేరు మాత్రము మేము వినలేదు.

క్రెడిట్ల మాట వచ్చినది కనుక ఒకటి చెప్పి ముగింతుము. కేంద్రప్రభుత్వము 2023లో కార్బను క్రెడిట్ల వ్యాపారమునకు ఒక పథకము ప్రకటించినది. తగ్గించిన ప్రతి టన్నుకు ఒక క్రెడిటు, దానిని అమ్ముకొనవచ్చును. వరిచేల తగ్గుదలను కొని అమ్ము వర్తకులు ఇదివఱకే పల్లెలలో తిరుగుచున్నారు. గొట్టము పాతునది, నీరు కట్టి ఆరబెట్టునది, తాలు వచ్చిన నష్టపడునది కౌలుదారు. పట్టాదారుపుస్తకములో పేరున్నది భూస్వామిది. ధాన్యము కొనునది మిల్లు. తగ్గిన వాయువును తన లెక్కలో వ్రాసికొనునది పైనున్న వర్తకసంస్థ. టన్నునకు వచ్చు రూపాయలు ఈ నలుగురిలో ఎవరివి? ఈ ప్రశ్నను మేము యజమానితో సూటిగా అడిగితిమి. ఆరుతడి పెట్టిన చేని ధాన్యమునకు బస్తాకు కొంత హెచ్చుధర, తాలు వచ్చినచో నష్టములో సగము మిల్లు భరించుట, డబ్బు భూస్వామిద్వారా కాక సాగుచేసినవాని చేతికే ఇచ్చుట – ఈ మూడు మాటలు కాగితముమీద పెట్టుదమని తుదకు ఆయన ఒప్పుకొన్నాడు. హెచ్చుధర ఎంతయన్నది మాత్రము తేలలేదు.

పత్రమునందు 50 గ్రాములు కాక 720 గ్రాములనియే వ్రాసి పంపినారు. దాని క్రింద, ఇది ఊహాంకెలతో వేసిన లెక్కయనియు, వచ్చు దాళ్వానుండి చేనుచేని వివరములు చేర్తుమనియు మేము ఒక వాక్యము చేర్పించితిమి. తక్కిన మిల్లులు 50 అని వ్రాసినచో తమ సరకు ఎవరు కొందురని యజమాని భయము. కొన్న సంస్థనుండి ఇంకను జవాబు రాలేదు. బోదె క్రింద నాలుగు చేలలో గొట్టములు పాతినారు. కొనుగోలు పుస్తకములో గుమాస్తా గీసిన క్రొత్త గళ్లు నాలుగింటిలో, మేము కడపటిసారి చూచినప్పటికి, రెండు నిండియున్నవి.